సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఒక్క ముక్క చెప్పి పైథాన్ పడిపోతోంది: సీటైప్స్‌తో సీ లైబ్రరీ, సాయం కావాలి

పీణ్య_పైథాన్ · సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో రబ్బరు వాషర్లు చేసే చిన్న యూనిట్‌లో పని చేస్తున్నాను. కన్వేయర్ మీద వాషర్లు వస్తుంటాయి, పైన మూడు కెమెరాలు. అంచు తెగిన వాషర్ కనిపిస్తే గాలి కొట్టి పక్కకు తోసేయాలి. ఆ ప్రోగ్రామ్ పైథాన్‌లో నేనే రాశాను. యూనిట్‌లో కోడ్ రాసేది నేనొక్కడినే. పక్కన అడగడానికి ఎవరూ లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కెమెరా అమ్మినవాళ్ళు పైథాన్ కోసమంటూ ఏమీ ఇవ్వలేదు. ఒక ఎస్‌ఓ ఫైలు (కంపైల్ చేసిన సీ లైబ్రరీ), ఒక హెడర్ ఫైలు (అందులోని ఫంక్షన్ల వివరాలు), ఒక పీడీఎఫ్, అంతే. సీటైప్స్‌తో (పైథాన్‌లోంచి సీ కోడ్‌ను పిలిచే మాడ్యూల్) లైబ్రరీని లోడ్ చేసి, హెడర్‌లో ఉన్న ఫంక్షన్లను పేరు పెట్టి పిలుస్తున్నాను. క్యామ్_ఓపెన్ పిలిస్తే ఆ కెమెరాను గుర్తించే హ్యాండిల్ వస్తుంది. దాన్ని క్యామ్_గ్రాబ్‌కు ఇస్తే బొమ్మ వస్తుంది.

నా ల్యాప్‌టాప్‌లో ఒక కెమెరా పెట్టి మూడు రోజులు అప్పుడప్పుడు కాసేపు నడిపాను, ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ రోజు ఫ్యాక్టరీ పీసీలో మూడు కెమెరాలకు మూడు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనులు) పెట్టి నడిపితే మొదటి బొమ్మ కూడా రాకముందే సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఏ లైన్‌లో పోయిందో చెప్పదు. ట్రై-ఎక్సెప్ట్ పెట్టాను, దానికీ దొరకలేదు. పైథాన్ తీసేసి మళ్ళీ వేశాను. ఓనర్ గారు గురువారం పొద్దున 6 గంటల షిఫ్ట్‌కు లైన్ మొదలవ్వాలన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

బీటీఎం_బ్యాకెండ్ · మంగళవారం, రాత్రి 12:10

పైథాన్ వెర్షన్ తేడా అయ్యుంటుంది బ్రో. రెండింట్లోనూ ఒకే వెర్షన్ వేసి చూడు.

జాలహళ్ళి_పాతకాపు · మంగళవారం, ఉదయం 6:20

తమ్ముడూ, వెర్షన్ జోలికి పోవద్దు. ట్రై-ఎక్సెప్ట్‌కు దొరకదు, ఎందుకంటే ఇది పైథాన్ లేవనెత్తిన తప్పు కాదు. సీ కోడ్ తనది కాని చిరునామాను తాకింది, కెర్నల్ మొత్తం ప్రాసెస్‌ను చంపేసింది. పైథాన్ కూడా ఆ ప్రాసెస్‌లోనే ఉంది కాబట్టి అదీ పోయింది.

మూడు పనులు చేసి ఏం వచ్చిందో ఇక్కడ రాయి. ఒకటి, ప్రోగ్రామ్‌ను ఫాల్ట్‌హ్యాండ్లర్ ఆన్ చేసి నడుపు. పైథాన్ 3.3 నుంచి అది లోపలే ఉంది. చచ్చే ముందు ఏ లైన్‌లో ఉందో చెప్పి పోతుంది. రెండు, క్యామ్_ఓపెన్ ఇచ్చిన హ్యాండిల్‌ను ప్రింట్ చెయ్యి. మూడు, ల్యాప్‌టాప్‌లో ఒకే కెమెరాను వేరే థ్రెడ్‌లోంచి తెరిచి చూడు. ఇంకో మాట, రెస్‌టైప్ (ఫంక్షన్ ఏం తిరిగిస్తుంది), ఆర్గ్‌టైప్స్ (ఏం తీసుకుంటుంది) ఎక్కడైనా పెట్టావా?

పీణ్య_పైథాన్ · మంగళవారం, ఉదయం 9:47

అన్నా, చేశాను. క్యామ్_గ్రాబ్ పిలిచిన లైన్‌లో పోయిందని చూపించింది. హ్యాండిల్ ప్రింట్ చేస్తే మైనస్‌తో మొదలయ్యే పది అంకెల సంఖ్య వచ్చింది. ల్యాప్‌టాప్‌లో థ్రెడ్ పెడితే అక్కడా పడిపోయింది! మూడు రోజులు బాగా నడిచిన కోడే ఇది.

గ్రాబ్‌కు తప్ప రెస్‌టైప్ దేనికీ పెట్టలేదు. నేర్చుకునేటప్పుడు సీ లైబ్రరీలోని స్ట్రింగ్ పొడవు చెప్పే ఫంక్షన్‌ను పిలిచి చూశాను. ఏమీ పెట్టకుండానే సరైన జవాబు వచ్చింది. అన్నిటికీ అలాగే అనుకున్నాను.

జాలహళ్ళి_పాతకాపు · మంగళవారం, ఉదయం 10:15

ఆ మైనస్ సంఖ్యే దొంగ. దొరికింది.

ఎస్‌ఓ ఫైలులో ఫంక్షన్ పేరు, అది మొదలయ్యే చోటు ఉంటాయి. అది ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది అన్నది సీ లైబ్రరీలో రాసి ఉండదు. ఆ సంగతి హెడర్‌లో మాత్రమే ఉంటుంది, సీటైప్స్ హెడర్ చదవదు. నువ్వు చెప్పకపోతే ప్రతి ఫంక్షనూ ఇంట్ ఇస్తుందని అనుకుంటుంది. ఇంట్ అంటే 32 బిట్లు. నీ హ్యాండిల్ పాయింటర్, అంటే మెమరీ చిరునామా, దానికి 64 బిట్లు. పై సగం కోసేసి కింది సగం నీ చేతిలో పెట్టింది. ఆ కోసిన ముక్కను తీసుకెళ్ళి క్యామ్_గ్రాబ్‌కు ఇచ్చావు. అది ఆ చిరునామాకు వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ లేదు.

స్ట్రింగ్ పొడవు ఫంక్షన్ ఎందుకు పని చేసిందంటే, అది ఇచ్చే సంఖ్య చిన్నది, ఇంట్‌లో పడుతుంది. దాంతోనే చాలామంది మోసపోతారు.

క్యామ్_ఓపెన్‌కు రెస్‌టైప్ వాయిడ్ పాయింటర్ పెట్టు. అంతటితో ఆగితే మళ్ళీ పడతావు. రెస్‌టైప్ సరిచేశాక నీకు పైథాన్ పూర్ణాంకంగా పూర్తి చిరునామా వస్తుంది. కానీ దాన్ని క్యామ్_గ్రాబ్‌కు ఇచ్చేటప్పుడు ఆర్గ్‌టైప్స్ లేకపోతే సీటైప్స్ మళ్ళీ ఇంట్ అనుకుని లినక్స్‌లో చప్పుడు లేకుండా కోసేస్తుంది. వచ్చేటప్పుడూ చెప్పాలి, పోయేటప్పుడూ చెప్పాలి.

నేను సర్వీసులో ఉండగా 32 బిట్ మెషిన్ల నుంచి 64 బిట్‌కు మారినప్పుడు ఇదే జబ్బు సీ ప్రోగ్రాములకు వచ్చింది. పాత సీలో డిక్లరేషన్ లేని ఫంక్షన్ ఇంట్ ఇస్తుందనే కంపైలర్ అనుకునేది. మెమరీ తెచ్చే మ్యాలక్ ఫంక్షన్‌కు కావలసిన హెడర్ చేర్చని కోడ్ 32 బిట్‌లో ఏళ్ళ తరబడి నడిచి, 64 బిట్‌లో మొదటి రోజే పడిపోయేది. 1999 ప్రమాణంలో ఆ సౌకర్యం తీసేశారు. జీసీసీ కంపైలర్ మాత్రం చాలాకాలం వార్నింగ్‌తో వదిలేసి, 2024లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఎర్రర్ చేసింది. కంపైలర్ మానేసిన ఆ ఊహను సీటైప్స్‌లో మనం ఇంకా మోస్తున్నాం.

పీణ్య_పైథాన్ · మంగళవారం, ఉదయం 11:30

అన్నా!! థ్రెడ్లతో సహా నడుస్తోంది. హ్యాండిల్ ఇప్పుడు 139872345681568 అని వచ్చింది.

జాలహళ్ళి_పాతకాపు · మంగళవారం, ఉదయం 11:41

ఆ సంఖ్యను 4294967296తో భాగించి చూడు. శేషం 2440720032 వస్తుంది. ఇంట్ మోయగలిగే గరిష్ఠం 2147483647. శేషం దాన్ని దాటింది కాబట్టి మైనస్ 1854247264గా కనిపిస్తుంది. పొద్దున నీకు కనిపించిన మైనస్ నంబరు ఇలా పుట్టిందే.

కొత్త_బాచ్_విద్యార్థి · మంగళవారం, మధ్యాహ్నం 2:05

నమస్తే అండీ. నేను యలహంక దగ్గర ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మొత్తం చదివాను కానీ ఒకటి అర్థం కాలేదు. పాయింటర్ కోసేస్తే ల్యాప్‌టాప్‌లో మూడు రోజులు ఎలా నడిచింది? అక్కడా కోసేసే ఉండాలి కదా?

జాలహళ్ళి_పాతకాపు · మంగళవారం, మధ్యాహ్నం 3:30

మంచి ప్రశ్న అమ్మా. కోసింది. కానీ కోసిన సగంలో సున్నాలే ఉన్నాయి.

లినక్స్‌లో ఒక ప్రోగ్రామ్‌ను పొజిషన్ ఇండిపెండెంట్‌గా (ఏ చిరునామా దగ్గరైనా లోడ్ అయ్యేలా) కట్టకపోతే అది చిన్న చిరునామాల దగ్గర లోడ్ అవుతుంది. దాని హీప్ (మ్యాలక్ మెమరీ ఇచ్చే చోటు) కూడా ఆ పక్కనే మొదలవుతుంది. అతని ల్యాప్‌టాప్‌లోని పైథాన్ అలా కట్టినదై ఉంటుంది. అక్కడ మెయిన్ థ్రెడ్‌లో మ్యాలక్ చేస్తే వచ్చే చిరునామా 32 బిట్లలోనే ఇమిడిపోతుంది. పై సగం పోయినా నష్టం లేదు. ఫ్యాక్టరీ పీసీలో ఉన్నది డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన పైథాన్, ఈ రోజుల్లో అవి ఎక్కువగా పొజిషన్ ఇండిపెండెంట్‌గానే వస్తాయి. హీప్ ఎక్కడో పైన ఉంటుంది.

ఇక థ్రెడ్ సంగతి. లినక్స్‌లోని సీ లైబ్రరీ గ్లిబ్‌సీ. దాని మ్యాలక్ మెయిన్ థ్రెడ్‌కు ఒక అరీనా, అంటే ఒక మెమరీ నిల్వ, వాడుతుంది. మిగతా థ్రెడ్లకు ఎమ్‌మ్యాప్‌తో (కెర్నల్‌ను నేరుగా అడిగి) వేరే అరీనాలు తెస్తుంది. అవి ఎప్పుడూ పెద్ద చిరునామాల్లోనే ఉంటాయి. అందుకే ల్యాప్‌టాప్‌లో కూడా థ్రెడ్ పెట్టగానే బయటపడింది. మెయిన్ థ్రెడ్‌లో కూడా 128 కేబీ దాటిన మ్యాలక్ మామూలుగా ఎమ్‌మ్యాప్‌కే పోతుంది. కాబట్టి చిన్న బొమ్మకు నడిచి పెద్ద బొమ్మకు పడిపోయే ప్రోగ్రామ్ ఎక్కడైనా కనిపిస్తే ముందు ఇదే అనుమానించు.

కొత్త_బాచ్_విద్యార్థి · మంగళవారం, మధ్యాహ్నం 3:52

థాంక్యూ సార్. ఇంకొకటి. ఏపీఐ తెలుసు. ఏబీఐ అని అందరూ అంటుంటారు, అదేంటో ఎవరూ వివరంగా చెప్పలేదు.

జాలహళ్ళి_పాతకాపు · మంగళవారం, సాయంత్రం 5:10

పాత ఇళ్ళలో గోడకు గూళ్ళు ఉండేవి చూడు. అలా ఆరు గూళ్ళు ఉన్నాయనుకో. పిలిచేవాడు మొదటి వస్తువును మొదటి గూట్లో, రెండోదాన్ని రెండో గూట్లో పెట్టి కేకేస్తాడు. లోపలివాడు వచ్చి అవే గూళ్ళలోంచి తీసుకుంటాడు. వస్తువు మీద చీటీ ఉండదు, ఇద్దరి మధ్య మాట ఉండదు. ఏ గూట్లో ఏం పెట్టాలో ముందే ఒప్పుకుని ఉండాలి. ఆ ఒప్పందమే ఏబీఐ.

64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ మెషిన్ల మీద లినక్స్‌లో మొదటి ఆరు పూర్ణాంకాలు, పాయింటర్లు ఆరు మామూలు రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి గూళ్ళు) వెళ్తాయి. దశాంశాలు ఎక్స్‌ఎమ్‌ఎమ్ అనే వేరే వరస రిజిస్టర్లలో వెళ్తాయి. జవాబు కూడా అంతే, పూర్ణాంకమైతే ఒక చోట, డబుల్ అయితే ఇంకో చోట. విండోస్‌లో లెక్క వేరు, మొదటి నాలుగే రిజిస్టర్లలో. అక్కడ లాంగ్ అంటే 32 బిట్లు, లినక్స్‌లో 64. ఒకే హెడర్, రెండు ఒప్పందాలు.

ఇంటికెళ్ళి ఒక పని చెయ్యి. మ్యాథ్ లైబ్రరీని సీటైప్స్‌తో లోడ్ చేసి, రెస్‌టైప్ పెట్టకుండా వర్గమూలం ఫంక్షన్‌కు సీ_డబుల్‌లో చుట్టి 2.0 ఇవ్వు. జవాబు ఎక్స్‌ఎమ్‌ఎమ్ గూట్లో సరిగ్గానే ఉంటుంది. సీటైప్స్ పక్క గూట్లో చెయ్యి పెట్టి అక్కడున్న చెత్త తెచ్చి ఇస్తుంది. తర్వాత రెస్‌టైప్ డబుల్ అని పెట్టి మళ్ళీ చూడు.

వైట్‌ఫీల్డ్_జావా · మంగళవారం, రాత్రి 9:18

జావా వైపు నుంచి నా మాట కూడా. జావా నుంచి సీని పిలిచే జేఎన్‌ఐ 1997లో జేడీకే 1.1తో వచ్చింది. అందులో సీ వైపు గ్లూ కోడ్ మనమే రాయాలి. ప్యాకేజీ, క్లాస్, మెథడ్ పేర్లన్నీ కలిపి పొడవాటి ఫంక్షన్ పేరు, అక్షరం తప్పితే రన్‌టైమ్‌లో అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్. నేను ఎనిమిదేళ్ళు ఆ పని చేశాను. ఇప్పుడు జేడీకే 22 నుంచి, అంటే 2024 మార్చి నుంచి, ఫారిన్ ఫంక్షన్ అండ్ మెమరీ ఏపీఐ పూర్తిస్థాయిలో ఉంది. జెఎక్స్‌ట్రాక్ట్ అనే పనిముట్టు హెడర్ చదివి జావా కోడ్ తయారుచేసి ఇస్తుంది.

అందులో నాకు బాగా నచ్చింది అరీనా. (పాతకాపు గారు చెప్పిన మ్యాలక్ అరీనా వేరు, పేరు మాత్రమే ఒకటి.) మెమరీ తీసుకునేటప్పుడే దాని ఆయుష్షు ఎంతో చెప్పాలి. అరీనా మూసేశాక ఆ మెమరీని తాకితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ రాదు, మామూలు జావా ఎక్సెప్షన్ వస్తుంది, లైన్ నంబరుతో సహా. కానీ తమ్ముడి సమస్య మాత్రం అక్కడా వస్తుంది. ఫంక్షన్ వివరం చేత్తో తప్పుగా రాస్తే జావా కూడా కాపాడలేదు. అందుకే ఆ ఏపీఐ వాడేవాళ్ళను ఎనేబుల్ నేటివ్ యాక్సెస్ అని ముందే ఒప్పుకోమంటుంది. జేడీకే 24 నుంచి జేఎన్‌ఐ వాడినా వార్నింగ్ ఇస్తోంది.

పీణ్య తమ్ముడూ, ఒక సలహా. చేత్తో రాయడం వీలైనంత తగ్గించు. పైథాన్‌లో సీని పిలవడానికి సీఎఫ్‌ఎఫ్‌ఐ అనే లైబ్రరీ ఉంది కదా?

మడివాళ_రస్ట్ · మంగళవారం, రాత్రి 10:02

అక్క చెప్పింది నిజం. సీఎఫ్‌ఎఫ్‌ఐలో ఏపీఐ మోడ్ వాడితే మధ్యలో సీ కంపైలర్ కూర్చుని వెండర్ హెడర్‌ను తనే చదువుతుంది. నువ్వు రాసింది హెడర్‌తో సరిపోకపోతే చాలావరకు కట్టేటప్పుడే తిడుతుంది. రస్ట్‌లో మేము బైండ్‌జెన్ వాడేది అందుకే. హెడర్ చదివి డిక్లరేషన్లు తనే రాస్తుంది. పైగా 2024 ఎడిషన్ నుంచి బయటి ఫంక్షన్లు ప్రకటించే బ్లాక్ ముందు అన్‌సేఫ్ అని రాయక తప్పదు. ఆ ప్రకటనకు పూచీ రాసినవాడిదే అని భాషే గుర్తు చేస్తుంది. నాకు అది సరైన పద్ధతి అనిపిస్తుంది.

పీణ్య_పైథాన్ · బుధవారం, మధ్యాహ్నం 12:40

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం నుంచి రెండు కొత్త సమస్యలు.

ఒకటి, ఎక్స్‌పోజర్ 8000 మైక్రోసెకన్లు పెడుతున్నాను, బొమ్మ మొత్తం తెల్లగా వస్తోంది. సెట్టింగ్స్ స్ట్రక్చర్‌లో మూడు ఫీల్డ్లు: మోడ్ ఒక బైట్, ఎక్స్‌పోజర్ నాలుగు బైట్లు, గెయిన్ డబుల్. హెడర్ చూసి వరసగా అలాగే రాశాను.

రెండు, పావుగంట నడిచాక పడిపోతోంది. గడియారం పెట్టినట్టు, 14 నుంచి 16 నిమిషాల మధ్య. ఈసారి ఫాల్ట్‌హ్యాండ్లర్ కూడా ఏమీ చెప్పలేదు. టెర్మినల్‌లో 'కిల్డ్' అని మాత్రం ఉంది. రేపు పొద్దున షిఫ్ట్. రాత్రికి యూనిట్‌లోనే ఉంటాను.

జాలహళ్ళి_పాతకాపు · బుధవారం, మధ్యాహ్నం 1:05

హెడర్ పైన పాత ఫైళ్ళలో ప్రాగ్మా ప్యాక్ అని ఒక లైన్ ఉంటుంది. ఉందా చూడు.

పీణ్య_పైథాన్ · బుధవారం, మధ్యాహ్నం 1:09

ఉంది అన్నా! ప్యాక్ 1. కామెంట్ అనుకుని వదిలేశాను.

జాలహళ్ళి_పాతకాపు · బుధవారం, మధ్యాహ్నం 1:34

అదే. మామూలుగా నాలుగు బైట్ల ఫీల్డ్ నాలుగుతో భాగింపబడే చోట మొదలవ్వాలి. అందుకని సీటైప్స్ మోడ్ తర్వాత మూడు బైట్లు ఖాళీ వదిలింది. నీ స్ట్రక్చర్ 16 బైట్లు. ప్యాక్ 1 వల్ల లైబ్రరీలో ఖాళీలు లేవు, దానిది 13 బైట్లు. లైబ్రరీ ఎక్స్‌పోజర్ కోసం 1వ స్థానం నుంచి నాలుగు బైట్లు చదువుతుంది. అక్కడ నీ మూడు ఖాళీ సున్నాలు, ఆ తర్వాత 8000లోని మొదటి బైట్ ఉన్నాయి. 8000 అంటే 31 సార్లు 256, ఇంకో 64. ఆ 64 అన్నిటికన్నా పెద్ద స్థానంలో పడింది. అంటే 1073741824 అయింది. నువ్వు 8 మిల్లీసెకన్లు అడిగావు, కెమెరాకు దాదాపు 18 నిమిషాలు అడిగినట్టు చేరింది. అది తన గరిష్ఠ పరిమితికి తగ్గించుకుని ఉంటుంది, అందుకే తెలుపు.

స్ట్రక్చర్ క్లాస్‌లో ప్యాక్ 1 అని పెట్టు. ఫీల్డ్ల వరసకన్నా ముందు పెట్టాలి, తర్వాత పెడితే పట్టించుకోదు. తర్వాత సీలో ఐదు లైన్ల ప్రోగ్రామ్ రాసి, వెండర్ హెడర్ చేర్చి, సైజ్‌ఆఫ్ ప్రింట్ చెయ్యి. పైథాన్ సైజుతో సరిపోవాలి. ఈ రెండు సంఖ్యలు పోల్చకుండా నేను ఏ స్ట్రక్చర్‌నూ సరిహద్దు దాటించను.

వైట్‌ఫీల్డ్_జావా · బుధవారం, మధ్యాహ్నం 1:50

రెండో సమస్యకు నేను లెక్క వేస్తాను. తమ్ముడూ, బొమ్మ సైజెంత, సెకనుకు ఎన్ని, పీసీలో మెమరీ ఎంత?

పీణ్య_పైథాన్ · బుధవారం, మధ్యాహ్నం 1:58

1280 బై 1024, నలుపు తెలుపు, పిక్సెల్‌కు ఒక బైట్. కెమెరాకు సెకనుకు 2, మూడు కెమెరాలు. మెమరీ 8 జీబీ అక్కా.

వైట్‌ఫీల్డ్_జావా · బుధవారం, మధ్యాహ్నం 2:15

ఒక బొమ్మ 1310720 బైట్లు. సెకనుకు 6 బొమ్మలు, అంటే 7864320 బైట్లు. 8 జీబీని దాంతో భాగిస్తే 1092 సెకన్లు, 18 నిమిషాలు. ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకునేది తీసేస్తే నీ పావుగంట సరిగ్గా వచ్చింది. ఒక్క బొమ్మ కూడా వెనక్కి వెళ్ళట్లేదు. మెమరీ నిండిపోయాక కెర్నలే ప్రాసెస్‌ను ఎంచుకుని చంపింది, అందుకే కిల్డ్. కెర్నల్ లాగ్ చూపే డీమెసెగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అని కనిపిస్తుంది చూడు.

పైథాన్ గార్బేజ్ కలెక్టర్ ఉంది కదా అనుకుంటాం. అది పైథాన్ తీసుకున్నదాన్నే ఊడుస్తుంది. క్యామ్_గ్రాబ్ లోపల లైబ్రరీ మ్యాలక్ చేసిన బఫర్ సంగతి దానికి తెలియదు. హెడర్‌లో రిలీజ్ అనో ఫ్రీ అనో ఒక ఫంక్షన్ కచ్చితంగా ఉంటుంది.

పీణ్య_పైథాన్ · బుధవారం, మధ్యాహ్నం 2:22

క్యామ్_రిలీజ్_ఫ్రేమ్ ఉంది అక్కా. పీడీఎఫ్‌లో చివరి పేజీలో ఒక్క లైన్. నేను పిలవట్లేదు.

దొమ్మలూరు_గో · బుధవారం, మధ్యాహ్నం 2:40

రిలీజ్ పిలిచేముందు జాగ్రత్త. నమ్‌పైలో పాయింటర్ నుంచి యాజ్_అరే తో తీసుకుంటే అది కాపీ కాదు, అదే మెమరీ మీద కిటికీ. రిలీజ్ చేశాక ఆ అరేను చదివితే మళ్ళీ మొదటికొస్తావు, ఈసారి పడిపోకుండా తప్పు బొమ్మ కూడా రావచ్చు. ముందు కాపీ, తర్వాత రిలీజ్. రిలీజ్‌ను ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టు.

లైబ్రరీ ఇచ్చినదాన్ని సీ లైబ్రరీలోని ఫ్రీతో విడిపించడానికి మాత్రం చూడొద్దు. లోపల ఏ అలొకేటర్ వాడారో మనకు తెలియదు. ఎవరు తెచ్చారో వాళ్ళ ఫంక్షన్‌తోనే తిరిగి ఇవ్వాలి. గోలో సీ స్ట్రింగ్ చేసిన ప్రతిసారీ మేమూ చేత్తో ఫ్రీ చెయ్యాలి. పిలుపు ముగిశాక గో పాయింటర్‌ను మామూలుగా సీ కోడ్ తన దగ్గర దాచుకోకూడదని కూడా నియమం ఉంది.

పీణ్య_పైథాన్ · బుధవారం, మధ్యాహ్నం 2:55

అర్థమైంది అన్నా. ఇంకో చిన్న సందేహం. మొదట్లో గ్రాబ్‌కు రెస్‌టైప్ సీ_క్యార్_పీ పెట్టి చూసినప్పుడు బొమ్మ ఒక్కోసారి పది బైట్లకే ఆగిపోయేది, ఒక్కోసారి వెయ్యికి. అదెందుకు?

మడివాళ_రస్ట్ · బుధవారం, మధ్యాహ్నం 3:03

సీ_క్యార్_పీ అంటే సీ స్ట్రింగ్. సీ స్ట్రింగ్‌కు 0 బైట్ వస్తే ముగింపు. నీ బొమ్మలో పూర్తి నల్ల పిక్సెల్ విలువ 0. మొదటి నల్ల పిక్సెల్ దగ్గర బొమ్మ అయిపోయిందనుకుంది. పైగా అలా పెడితే నీకు బైట్స్ కాపీ మాత్రమే వస్తుంది, అసలు పాయింటర్ పోతుంది, రిలీజ్ చెయ్యాలన్నా చేతిలో ఏమీ ఉండదు. అన్‌సైన్డ్ బైట్‌కు పాయింటర్ అని పెట్టు.

బీటీఎం_బ్యాకెండ్ · బుధవారం, సాయంత్రం 6:30

నా మొదటి సలహా తప్పు, అంగీకరిస్తున్నాను. ఇప్పుడు ఒక మాట చెప్పనా. ఈ లైబ్రరీని అసలు నీ మెయిన్ ప్రోగ్రామ్‌లో పెట్టొద్దు. కెమెరాకు ఒక వేరే ప్రాసెస్, బొమ్మలు షేర్డ్ మెమరీలో. లైబ్రరీ చచ్చినా ఆ ఒక్క ప్రాసెసే చస్తుంది, లినక్స్‌లో ప్రాసెస్‌లను చూసుకునే సిస్టమ్‌డీ మళ్ళీ లేపుతుంది, లైన్ ఆగదు. మా దగ్గర బయటివాళ్ళ బైనరీ ఏదైనా అలాగే నడుపుతాం.

జాలహళ్ళి_పాతకాపు · బుధవారం, సాయంత్రం 7:15

పద్ధతి మంచిదే, ఫ్యాక్టరీలో నేనూ చివరికి అలాగే పెడతాను. కానీ ఈ రోజు కాదు. ముందే అలా చేసి ఉంటే హ్యాండిల్ తప్పు, ప్యాక్ తప్పు రెండూ లోపలే ఉండిపోయేవి. పడిపోవడం, లేవడం, పడిపోవడం. మధ్యలో కొన్ని వాషర్లు చూడకుండా వెళ్ళిపోయేవి, ఎవరికీ తెలిసేది కాదు. తెలిసిన తప్పులన్నీ తీశాక, తెలియని వాటి కోసం గోడ కట్టాలి.

బీటీఎం_బ్యాకెండ్ · బుధవారం, సాయంత్రం 7:28

చూడకుండా వెళ్ళిన వాషర్ల సంగతి నేను ఆలోచించలేదు. అయినా ప్రాసెస్ ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి, ఒకటి దాటితే బజర్ కొట్టేలా పెట్టొచ్చు కదా? గోడ రేపటికే ఉండాలని నా అభిప్రాయం.

జాలహళ్ళి_పాతకాపు · బుధవారం, సాయంత్రం 7:36

బజర్‌తో అయితే ఒప్పుకుంటాను.

దొమ్మలూరు_గో · బుధవారం, రాత్రి 8:20

ఇంకొకటి, ఇప్పుడు కాకపోయినా రేపు తగులుతుంది. బొమ్మ రాగానే లైబ్రరీ తనే పిలిచేలా కాల్‌బ్యాక్ పెట్టాలనుకుంటే, సీటైప్స్‌తో చేసిన ఆ కాల్‌బ్యాక్ ఆబ్జెక్ట్‌ను ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌గా వదిలేయొద్దు. ఫంక్షన్ ముగియగానే పైథాన్ దాన్ని ఊడ్చేస్తుంది. లైబ్రరీ దగ్గర మాత్రం పాత చిరునామా ఉంటుంది. వెంటనే పడకపోవచ్చు, అదే ప్రమాదం. కెమెరా తెరిచి ఉన్నంతకాలం బతికే చోట, సెల్ఫ్‌లోనో మాడ్యూల్ స్థాయిలోనో, పట్టుకో.

సీడీఎల్ఎల్‌తో లోడ్ చేస్తే ప్రతి పిలుపుకూ జీఐఎల్ (ఒకసారికి ఒకే థ్రెడ్‌ను నడవనిచ్చే పైథాన్ తాళం) వదిలేస్తుంది. కాబట్టి నీ మూడు థ్రెడ్లు లైబ్రరీ లోపల నిజంగానే ఒకేసారి ఉంటాయి. ఒకే హ్యాండిల్‌ను రెండు థ్రెడ్లు వాడొచ్చా అని వెండర్‌ను మెయిల్‌లో అడుగు.

పీణ్య_పైథాన్ · గురువారం, ఉదయం 4:10

రాత్రి 10 నుంచి ఇప్పటిదాకా ఆరు గంటలు నడిచింది. మెమరీ 410 ఎంబీ దగ్గర నిలబడింది, కదలట్లేదు. స్ట్రక్చర్ రెండువైపులా 13. ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉంది, వాషర్ అంచు మీద అచ్చు గీత కూడా కనిపిస్తోంది. బజర్ కూడా పెట్టాను. హెడర్‌లో నేను వాడే పదకొండు ఫంక్షన్లకూ రెస్‌టైప్, ఆర్గ్‌టైప్స్ ఒకే ఫైలులో రాశాను, వాడని వాటిని అసలు పిలవడానికే వీల్లేకుండా చేశాను. షిఫ్ట్ అయ్యాక రాస్తాను.

కొత్త_బాచ్_విద్యార్థి · గురువారం, ఉదయం 8:30

సార్, వర్గమూలం చేసి చూశాను. రెస్‌టైప్ లేకుండా ఏదో సంబంధం లేని పూర్ణాంకం వచ్చింది. పెట్టాక 1.4142135623730951. మా రూమ్‌లో నలుగురికీ చూపించాను.

పీణ్య_పైథాన్ · శుక్రవారం, రాత్రి 9:05

రెండు షిఫ్ట్‌లు ఆగకుండా నడిచింది. ఓనర్ గారు వచ్చి పక్కకు తోసిన వాషర్లను చేత్తో వంచి చూసుకున్నారు. వెండర్ జవాబు ఇచ్చారు: ఒక హ్యాండిల్‌ను ఒకే థ్రెడ్ వాడాలి, వేర్వేరు హ్యాండిళ్ళు ఒకేసారి వాడొచ్చు. నా కోడ్ అలాగే ఉంది.

పాతకాపు అన్నా, ఆ సైజ్‌ఆఫ్ ప్రోగ్రామ్‌ను తీసేయకుండా ఇన్‌స్టాల్‌లోనే పెట్టాను. వెండర్ హెడర్‌తో దాన్ని కంపైల్ చేసి, పైథాన్ మొదలయ్యేటప్పుడు రెండు సైజులు పోలుస్తాను. తేడా ఉంటే కెమెరా తెరవదు.

జాలహళ్ళి_పాతకాపు · శుక్రవారం, రాత్రి 9:40

ఫీల్డ్ల స్థానాలు కూడా పోల్చు. సైజు ఒకటే ఉండి లోపల వరస మారొచ్చు. సీలో ఆఫ్‌సెట్‌ఆఫ్ ఉంది, సీటైప్స్‌లో ప్రతి ఫీల్డ్‌కూ ఆఫ్‌సెట్ దొరుకుతుంది.

పీణ్య_పైథాన్ · రెండు వారాల తర్వాత, బుధవారం, ఉదయం 7:15

వెండర్ లైబ్రరీ కొత్త వెర్షన్ పంపారు, మెయిల్‌లో చిన్న మార్పులు అని మాత్రమే ఉంది. వేసి నడిపితే ప్రోగ్రామ్ కెమెరా తెరవకుండానే ఆగి, 13 ఉండాల్సిన చోట 17 ఉందని చెప్పింది. హెడర్ తెరిచి చూస్తే స్ట్రక్చర్ చివర నాలుగు బైట్ల ట్రిగ్గర్ ఆలస్యం అనే ఫీల్డ్ కొత్తగా చేర్చారు. నా క్లాస్‌లో ఒక లైన్ కలిపాను. 7 గంటల నుంచి లైన్ నడుస్తోంది.